సైడ్ బి

మూడో క్యాసెట్టే ఆఖరిదని
మాలో ఎవ్వలం అనలే.
బుచ్చిరాములు మాత్రం స్టిక్కరు మీద నంబరు ఎయ్యలే,
పేరొక్కటే రాసిండు: ప్లాట్‌ఫాం ఖాళీ.

సింథ్ పాప్ అన్న మాట
ఆయననే ఏదో ఫారిన్ క్యాసెట్ అట్ట మీద చదివిండు,
రిపేరుకొచ్చిన టేప్‌రికార్డర్ల ఇరుక్కున్నది అది.
మాకు నోరు తిరగలే.
కరెంటు పాట అన్నం.

కాజీపేట, డీజిల్ కాలనీ,
యాకూబు వాళ్ళ క్వార్టరుల ఎనుక అర్ర.
కిటికీకి కోడిగుడ్ల అట్టలు, గోడకు గోనె సంచులు,
తలుపు సందుల సలోమి పాత శాలువ.
ఇంత చేసినా గూడ్సు బండి మా పాటల నుంచే పోయేది.
చేతులు ఒడిల పెట్టుకొని బోగీలు ఎంచెటోళ్ళం.
యాభై ఎనిమిది.
మళ్ళ మొదటికెల్లి.

నా కీబోర్డు సెకండ్ హ్యాండ్ ది,
చర్చిల క్రిస్మస్‌కు కొని పక్కకు పెట్టింది.
పై వరుసల ఒక మెట్టు పలుకదు.
ఆ స్వరం రావాల్నంటే సలోమి నోటితోని అనేది.
యినెటోళ్ళకు తెల్వదు
ఏడ మిషిను ఆగిందో, ఏడ పిల్ల అందుకున్నదో.

యాకూబుది డ్రమ్ము మిషిను.
దానికి అలుపు లేదు, తప్పు లేదు.
వాళ్ళ నాయిన ఆజంజాహి మిల్లుల
ఇరవై ఆరేండ్లు సాంచ నడిపిండు.
ఒకనాడు గడప మీద కూసోని యిన్నడు,
"గిది నాకు ఎరికైన సప్పుడే.
గని పోగు తెగితే సాంచ ఆగుతది.
మీదేందిర, ఆగనే ఆగదు?"
మేం నవ్వినం.
యాకూబు నవ్వలే.
ఆ రాత్రి నాలుగో పాటల
పదహారో దెబ్బ తీసేసిండు.
ఇప్పటికీ అది యింటే
చీకట్ల లేని మెట్టు మీద కాలేసినట్టయితది నాకు.

మొదటి క్యాసెట్టు రెండువందలు పోయినయి.
బరాతులల్ల వాయించిన పైసలు పెట్టినం దానికి.
రెండోది నూటపది.
మూడోదాన్ని స్టేషన్ రోడ్డు సేటు సగం పాట యిన్నడు,
"డోలు లేదు డప్పు లేదు, గీ కుయ్‌కుయ్ ఎవలు కొంటరు"
అనుకుంటనే మా ప్లగ్గు పీకి
ఫ్యాను పెట్టుకున్నడు.
నిజమే, ఎండ గట్టిగనే ఉండె.

సలోమికి బల్లార్షల నౌకరి ఒచ్చింది,
పార్సల్ ఆఫీసుల, సచ్చిపోయిన నాయిన కుర్చీ.
సోమవారం చేరాలె.
శనివారం రాత్రికి ఎనిమిదో పాట మిగిలింది.

ఓల్టేజి గుయ్యిమంటదని
బుచ్చిరాములు రికార్డరుకు సెల్లులేసిండు.
రెండో చరణంల కరెంటు పోయింది.
కీబోర్డు సచ్చింది.
డ్రమ్ము మిషిను ఎర్ర కన్ను ఆరింది.
సలోమి ఆపలే.
ఆమె ఆపకపోయే సరికి నా వేళ్ళు గూడ ఆగలే,
పలుకని మెట్లన్నిటి మీద టకటక టకటక,
టైపు ఇన్‌స్టిట్యూట్ల పరీక్ష నాడు లెక్క.
పలుకని ఆ ఒక్క మెట్టుకు
గిప్పుడు మిగిలినయన్ని జతగాళ్ళు.
యాకూబు ఏం జెయ్యాల్నో తోచక
తొడ మీద కొట్టిండు,
తప్పులతోని, అలుపుతోని.
గడప మీద ముసలాయన "ఆఁ, గదీ" అన్నడు.
అది గూడ పడ్డది టేపుల.

కరెంటొచ్చినంక మళ్ళ తీద్దామన్న నేను.
బుచ్చిరాములు ఏం మాట్లాడలే.
క్యాసెట్టు బయటికి తీసి
ఎనుక అంచుకు రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటయి చూడు,
స్క్రూడ్రైవరుతోని ఇరగ్గొట్టి
జేబుల ఏసుకున్నడు.
ఇగ దాని మీద ఎవ్వలూ ఏదీ తియ్యలేరు.

నలభై కాపీలు చేసినం.
ముప్పై ఒకటి నా బీరువల్నే ఉన్నయి,
పండుగకు అరలు తుడిచినప్పుడల్ల
నా భార్య అడుగుతది, ఉంచాల్నా అని.

పాట అయిపోయినంక
కొద్దిగంత సేపు ఏమీ ఉండదు.
సలోమి ఊపిరి ఉంటది, అంతే.
తర్వాత దూరంకెల్లి గూడ్సు బండి.
దాన్ని మేం కొయ్యలే.
యిన్నప్పుడల్ల ఎంచుత.
ఒక్కోసారి యాభై ఏడే ఒస్తయి.